పదిహేడో రీలు

పోయిన వారం మృదులను ఒక పాత చీటీ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. మనకైతే వారం గడిచింది గానీ, పాపం ఆమెకు ఇంకా అర నిమిషం కూడా గడవలేదు. అదే ఆదివారం మధ్యాహ్నం, ఆబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం పైన అదే ఇరుకు గది, నెత్తిన కీచుమంటూ అదే ఫ్యాను. చీటీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. చెయ్యి తీస్తే పక్కనున్న ఇద్దరూ చదివేస్తారు. తియ్యకుండా ఎంతసేపని కూర్చుంటుంది?

కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ గది చిత్ర రసిక సమాజం వారిది. 1964లో ఈ సమాజం మొట్టమొదటిసారిగా సినిమా అవార్డులు ఇచ్చింది. ఊరంతా చెప్పుకున్న సంబరం అది. ఆ తరవాత సమాజం చిక్కి చిక్కి, ఇప్పుడు నలభైమంది సభ్యులతో, ఒక తుప్పు బీరువాతో మిగిలింది. అధ్యక్షులు గోపాలరావు గారికి ఈ మధ్య ఒక ఆలోచన వచ్చింది. ఆనాడు పోటీలో నిలిచిన సినిమాలను మళ్ళీ చూసి, మళ్ళీ తీర్పు చెబితే ఎలా ఉంటుంది? ఆనాడు గెలిచినవాళ్ళే ఇవాళా గెలుస్తారా? వినడానికి ముచ్చటగానే ఉంది. తీరా కూర్చున్నాక ఒక్కొక్క చిక్కూ బయటపడుతోంది.

తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురు. రైల్వేలో రిటైరైన గోపాలరావు గారు. నలభై ఏళ్ళుగా పత్రికల్లో సినిమా సమీక్షలు రాసి, ఏ సినిమానూ పూర్తిగా మెచ్చుకోని విశ్వనాథ్. మూడో మనిషి మృదుల, సినిమాలకు ఎడిటింగ్ చేసి బతికే ముప్పై మూడేళ్ళ మనిషి. ఆనాటి ఉత్తమ నటి వెంకటరత్నమ్మ. గెలిపించిన సినిమా ‘అద్దాల అత్తిల్లు’. ఆ వెంకటరత్నమ్మ ఎవరో కాదు, మృదులకు సొంత అమ్మమ్మ.

"మా అమ్మమ్మ పోటీల ఉన్నప్పుడు నేనెట్ల కూసుంట సార్?" అని మృదుల మొదటి రోజే మొత్తుకుంది. "మీ న్యాయబుద్ధి మీద నాకు నమ్మకం ఉందండీ" అన్నారు గోపాలరావు గారు. అసలు సంగతేమిటంటే, ఆ ఉక్క గదిలో పాత సినిమాలు చూడడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

పోటీలో రెండో పేరు కోమలాంబ, ‘రాగి చెంబు’ సినిమాకు. మూడో ఆవిడ సినిమా ఎక్కడా దొరకనే లేదు కాబట్టి ఆవిడ గొడవ మనకు లేదు. ఆనాడు అయిదుగురు తీర్పరుల్లో ముగ్గురు రత్నమ్మ వైపు, ఇద్దరు కోమలాంబ వైపు మొగ్గారు. ఒక్క ఓటు తేడా. ఇవాళ విశ్వనాథ్ ఓటు కోమలాంబకి. గోపాలరావు గారి ఓటు రత్నమ్మకి. ఇక మిగిలింది మృదుల.

ఇక ఆ చీటీ. ఆనాటి తీర్పరుల కోసం నాంపల్లిలోని ఒక హాల్లో ‘రాగి చెంబు’ ప్రత్యేకంగా వేసినప్పుడు, ఆ హాలువాళ్ళు రాసిచ్చిన రసీదు అది. "వచ్చిన రీళ్ళు: పదహారు" అని ఉంది. సినిమాకు మొత్తం పదిహేడు రీళ్ళు. కింద, తెచ్చిన మనిషి సంతకం. అంజయ్య.

అంజయ్య మృదుల తాత.

*

"ఏంటండీ అంత దీర్ఘంగా చూస్తున్నారు? రసీదా?" అన్నారు గోపాలరావు గారు కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఏం లేదు సార్. పాత కాయితం." మృదుల గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అదృష్టం బాగుండి అదే క్షణంలో విశ్వనాథ్ ఎర్ర రిజిస్టరు పట్టుకుని లేచాడు. ఆనాటి తీర్పరుల చర్చ అంతా అందులో రాసి ఉంది. ఆయనకు పొద్దుటి నుంచీ ఒక పేజీ మింగుడు పడడం లేదు.

"గిది వినున్రి రావుగారూ. ‘రాగి చెంబు ముగింపు అత్యంత ఆధునికముగా నున్నది. నాయిక గుమ్మములో మౌనముగా నిలబడగా చిత్రము ముగియుట విదేశీ చిత్రముల ఫక్కీని తలపించుచున్నది. సామాన్య ప్రేక్షకునికి అందదు.’ ఏంది గిది? మనం పొద్దున జూసిన సినిమాల గుమ్మం తర్వాత పది నిమిషాలున్నది గద!"

"అవునండీ. కుళాయి దగ్గర చెంబు తోమే సీను. మా ఆవిడైతే ఫోన్లో చూసి కళ్ళు తుడుచుకుంది."

"అదే నేననేది! ఆ సీనే సినిమాకు ప్రాణం. నల్లా కాడ వీపు మనదిక్కు పెట్టి కూసుంటది. నెత్తి మీద కొంగు. మొహం ఒక్కసారి గూడ కనవడది. చెంబు తోముకుంట నవ్వుతది. ఆ నవ్వు ఎక్కడ షురువైంది, ఎక్కడ ఏడుపైంది చెప్పున్రి! మొహం లేకుంట నటించుడంటే మాటలా? నలభై ఏండ్లల్ల నేను గిట్లాంటిది చూడలే. ఆ అయిదుగురు గుడ్డోళ్ళా మరి?"

విశ్వనాథ్ మెచ్చుకోవడమే ఒక వార్త. గోపాలరావు గారు అయోమయంగా రిజిస్టరు వైపూ, టేబుల్ మీది లాప్‌టాప్ వైపూ చూశారు. "ఒకవేళ రెండు రకాల ముగింపులు తీశారంటారా? ఆంధ్రాకొకటి, హైదరాబాదుకొకటి?"

"ఎందుకు తీస్తరు రావుగారూ?" అన్నాడు విశ్వనాథ్.

"ఏమోనండీ. అప్పట్లో ఏం చేసేవారో మనకేం తెలుసు?"

మృదులకు మాత్రం తెలిసిపోయింది. ఎడిటింగ్ బల్ల దగ్గర పదేళ్ళు కూర్చున్న మనిషికి, ఎక్కడ తెగిందో చెప్పడం పెద్ద పని కాదు. గుమ్మంలో నిలబడడంతో పదహారో రీలు అయిపోతుంది. ఆ తరవాత ఆ హాల్లో లైట్లు వెలిగి ఉంటాయి. అయిదుగురు పెద్దమనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటారు. ఇంతేనా, ఇంకా ఉందా అని అడగడానికి ఏ ఒక్కరికీ నోరు వచ్చి ఉండదు. అడిగితే కొత్త తరహా సినిమా తెలియని మొద్దు అనుకుంటారేమోనని పక్కవాడికి భయం, పక్కవాడు అలా అనుకుంటాడేమోనని ఇతనికి భయం. ఎవరో ఒకాయన ముందుగా "ఆధునికం" అని ఉంటాడు. మిగతా నలుగురూ హమ్మయ్య అనుకుని తలూపి ఉంటారు. అదీ జరిగింది. కోమలాంబ జీవితంలో గొప్ప సీనును తీర్పరులు చూడనే లేదు.

చూడకుండా చేసినవాడు, గెలిచినావిడ మొగుడు.

అప్పట్లో ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకునేవి. ఆబిడ్స్ హాల్లో ఆట మొదలైన ముప్పావు గంటకు నాంపల్లి హాల్లో మొదలుపెట్టేవాళ్ళు. ఇక్కడ అయిపోయిన రీళ్ళను డబ్బాల్లో పెట్టి సైకిలు మీద అక్కడికి తీసుకుపోవాలి. అంజయ్య చేసిన ఉద్యోగం అదే. చిన్నప్పుడు మృదులను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నేను ఒక్క నిమిషం ఆలస్యమైతే వెయ్యిమంది సీటీలు గొట్టేటోళ్ళు బిడ్డా! ఒక్కనాడు గూడ ఆలస్యం కాలే" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఒక్కనాడూ ఆలస్యం కాని మనిషి. ఒకే ఒక్కనాడు రీలు చేర్చలేదు. అదీ ఆనాడే.

ఇద్దరు పెద్దవాళ్ళూ రిజిస్టరులో తలలు దూర్చి ఉండగా, మృదుల చీటీని మడిచి సంచిలో పడేసుకుంది. సాక్ష్యాన్ని దొంగిలించిన న్యాయమూర్తి! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా చెయ్యి ఆగలేదు.

"మరి మీ మాటేంటమ్మా?" అన్నారు గోపాలరావు గారు. "మీరు ఎటంటే అటే. రేపు పదింటికి చెప్పేస్తే పన్నెండింటికల్లా ప్రశంసాపత్రం అచ్చుకి పంపేస్తాను. వచ్చే ఆదివారం సభ. అమ్మమ్మగారికి ముందు వరుసలో, మధ్య కుర్చీ వేయిస్తున్నాం."

"అవతల తీర్పు మారితే గూడ గా కుర్చీలనే కూసోబెడ్తరా?" అన్నాడు విశ్వనాథ్. ఆయనకు మొహమాటం పుట్టుకతోనే లేదు.

గోపాలరావు గారి మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయన ఆలోచించినట్టు లేదు.

"పొద్దున పదింటికి చెప్త సార్" అంది మృదుల. అని, చెప్పులేసుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

*

ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మామూలుగా అయితే ఆమె కాళ్ళు వాటి ముందు వాటంతటవే ఆగిపోతాయి. ఇవాళ ఇంజనీరింగ్ గైడ్ల గుట్టను తన్నుకుని, అమ్మేవాడి చేత "జర దేఖ్‌కే మేడమ్" అనిపించుకుని, నాంపల్లి దారి పట్టింది.

నడుస్తూ నడుస్తూ లెక్క తేల్చుకోవాలని చూసింది. తాత తప్పు చేశాడు. ఎవరి కోసం చేశాడు? పెళ్ళాం కోసం. పెళ్ళానికి తెలుసా? తెలియకపోతే ఇప్పుడు చెప్పాలా? ఎనభై ఏడేళ్ళ మనిషికి, నువ్వు గెలవలేదు, నీ మొగుడు గెలిపించాడు అని ఏ నోటితో చెబుతాం? ఒకవేళ తెలిసే ఉంటే? ఆ ఆలోచన రాగానే మెట్రో స్తంభం పక్కన ఆగిపోయింది. తెలిసే ఉంటే అదింకా ఘోరం. అమ్మమ్మ వారం రోజులుగా సభలో చెప్పబోయే నాలుగు మాటలు అద్దం ముందు వల్లె వేసుకుంటోంది.

కోమలాంబకు ఓటేస్తే అమ్మమ్మను నలుగురిలో నిలబెట్టి, ఆనాడు బహుమతిగా ఇచ్చిన దీపం లాక్కున్నట్టు. అమ్మమ్మకు వేస్తే దొంగతనానికి రెండోసారి ముద్ర వేసినట్టు. ఎటు చూసినా దారి లేదు. దీనికి తోడు, పొద్దున విన్న ఆ నవ్వు ఒకటి చెవిలో పడి వదలడం లేదు. ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తు రావడం లేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాళ్ళ మూడో అంతస్తు ఇల్లు. తల్లి వసుమతి ఎవరిదో సీమంతానికి వెళ్ళింది. అమ్మమ్మ హాల్లో నేల మీద పాత పేపరు పరుచుకుని, ముందర వెండి పూత దీపం పెట్టుకుని చింతపండుతో రుద్దుతోంది. ఉత్తమ నటికి ఆనాడిచ్చిన దీపమే. అరవై ఒక్క ఏళ్ళలో ఆమె దాన్ని వెయ్యిసార్లు తోమి ఉంటుంది. ఒక్కసారి కూడా వెలిగించలేదు. అంత భక్తేమోనని ఇంట్లో అందరూ అనుకుంటారు.

వెంకటరత్నమ్మ పుట్టింది బందరులో. తండ్రి ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి, నాటకాలేసి, మద్రాసు వెళ్ళి మూడు సినిమాలు చేసి, గౌలిగూడ అంజయ్యను ప్రేమించి పెళ్ళాడింది. కోడలైన పదేళ్ళకే ఆమె మాటలో బందరు మచ్చుకైనా మిగల్లేదు. పళ్ళ సెట్టు పెట్టించుకున్న పదిహేనేళ్ళ నుంచీ, ఊడి పడుతుందన్న భయంతో నోరు తెరిచి నవ్వడం కూడా మానేసింది.

"వచ్చినవా? అన్నం దిన్నవా, లేకుంటే గా సమోసాలతోనే కడుపు నింపుకున్నవా?" అంది తలెత్తకుండా.

మృదుల దారంతా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయింది. సంచిలోంచి చీటీ తీసి పేపరు మీద పెట్టింది.

అమ్మమ్మ చీటీని దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. తరవాత తడి వేలితో సంతకం పక్కన మెల్లగా తట్టింది.

"మీ తాతది. జ కింద తోక గిట్ల పొడుగ్గ ఆయనొక్కడే పెడ్తుండె. యాడ దొరికిందే?"

"సంతకం సంగతి కాదమ్మమ్మా. పైన ఏం రాసుందో సదువు. పదహారు. పదిహేడో రీలు ఏమైంది?"

అమ్మమ్మ చెయ్యి ఆగింది. ఆ తరవాత ఆమె చాలా మామూలుగా చెప్పింది. "ఏమైతది? స్టేషన్ ముందల ఇరానీ హోటల్ల మీ తాత ఒళ్ళె కూసున్నది. ఆయన మూడు చాయలు తాగిండు. ఎవరన్న ఉరికొచ్చి రీలేదిరా అని అడుగుతరేమో, అడిగితే ఇచ్చేద్దామని సూస్కుంట కూసున్నడు. ఎవ్వరు అడగలే. పెద్దమనుషులు చప్పట్లు గొట్టి బయటికొచ్చిన్రంట. మనిషి ఆగమాగమై ఇంటికొచ్చిండు. ‘రత్నా, ఆళ్ళకు సినిమా అయిపోలేదన్నది గూడ తెల్వలేదే’ అన్నడు."

తెలుసు. అంతా తెలుసు. మృదులకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"అంటే నీకు ఎరికే! తాత నీ కోసం ఆమెకు అన్యాయం జేసిండని ఎరికే! ఎరికుండి అరవై ఏండ్ల సంది గా దీపం తోముతున్నవా? నేను గాడ కూసోని, మా అమ్మమ్మ ఎంత గొప్పదని..." మాట మధ్యలో తుంచేసి, చీటీని అమ్మమ్మ ముందుకు జరిపింది. "రేపు పొద్దున పదింటికి నేనేం జెప్పాలె?"

"నా కోసమని ఎవరన్నరు నీకు?"

"మరెవరి కోసం?"

"ఆమె కోసం. కోమల కోసం."

మృదుల తల విదిలించింది. "నాకు సమజైతలేదు."

"నాకు గూడ సమజ్ కాలే, ఇన్నేండ్లాయె" అంది అమ్మమ్మ. పేపరు మీద చెయ్యి తుడుచుకుని, గోడకు ఆనుకుంది. "గా దినం పొద్దుగాల్నే రిక్షల వచ్చింది గౌలిగూడకు. నెత్తి మీద కొంగు కప్పుకోని, ఎవరు సూడకుంట. నన్ను సూడలే. సీదా మీ తాత తానికి పోయి చేతులు వట్టుకున్నది. ‘అన్నా, ఆఖరి రీలు ఆ హాలుకు పోవద్దు. ఆ అయిదుగురు అది సూడొద్దు. నాది కాని దానికి నాకు పేరొద్దు’ అన్నది. ఏడ్సింది. మీ తాతకు ఆడోళ్ళు ఏడిస్తే కాళ్ళు చేతులు ఆడకపోతుండె."

"నాది కానిదేంది? ఆమె సినిమానే గద అది!"

అమ్మమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. చెప్పనా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. తరవాత మోకాళ్ళ మీద చేతులు పెట్టి, పీట దగ్గరికి లాక్కుంది. "నీళ్ళ గ్లాసు గిట్ల తే."

తెచ్చింది. అమ్మమ్మ నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసింది. ఒక్కసారిగా బుగ్గలు లోపలికి పోయి, ఆమె ఎవరో వేరే ముసలామెలా కనిపించింది. దీపం చేతిలోకి తీసుకుని, మృదులకు వీపు తిప్పి కూర్చుంది. చీర కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

తోమడం మొదలుపెట్టింది. చింతపండు పీచు లోహం మీద గరగరలాడింది. రెండు చుట్లు, మూడు చుట్లు. భుజం కొంచెం కదిలింది. ఆ కదలిక మెడ దాకా వచ్చింది. అప్పుడు నవ్వింది.

మొదట ఊపిరే వచ్చింది. ఆపైన చిన్న దగ్గులాంటిది. దానిలోంచి నవ్వు లేచింది, లేచి లేచి, ఎక్కడో పైన ఆగి, దిగలేక విరిగింది. విరిగిన చోట అది నవ్వో ఏడుపో చెప్పడం ఎవరి తరమూ కాదు. పొద్దున ఆబిడ్స్ గదిలో లాప్‌టాప్ లోంచి వచ్చింది ఇదే. అక్కడ ఆగిందీ ఇక్కడే. గొంతు అరవై ఏళ్ళు ముసలిదైంది, అంతే తేడా. ఇప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు, తాత రీళ్ళ కథలు చెబుతుంటే వంటింట్లోంచి వినిపించే నవ్వు అది.

మృదుల పళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

అమ్మమ్మ పళ్ళు పెట్టుకుని ఇటు తిరిగింది. సిగ్గుపడుతున్నట్టు కొంగు సర్దుకుంది.

"మద్రాసుల ఆమె షూటింగు, నా షూటింగు పక్కపక్క ఫ్లోర్లల్ల. ఆఖరి సీనుల నవ్వాలె. ఆమెకు నవ్వు రాలే. రెండు దినాలు జూసిన్రు. ఏడువమంటే కుండలు నింపేది గని నవ్వుడు చాతకాలే. డైరెక్టరుకు ఓపిక అయిపోయింది. ‘రత్నమ్మా, నీ ఒడ్డూ పొడుగూ గట్లనే ఉన్నయి, జర కూసో’ అన్నడు. చెంబు చేతికిచ్చిండు. వీపు దిక్కుకెళ్ళి తీసిన్రు. ఒక్కటే సారి. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు వెట్టుకున్నరు. మీ తాతకు దప్ప నేను ఎవ్వరికి చెప్పలే. మీ అమ్మకు గూడ తెల్వది."

"ఆ నవ్వు నీదా అమ్మమ్మా..."

"నాదే. ఆ రీలు వాళ్ళు జూస్తే నా నవ్వుకు ఆమెకు దీపం వస్తుండె. చూడలేదు గాబట్టి నాకొచ్చింది. దేనికొచ్చింది? అద్దాల అత్తిల్లుకు! దాంట్ల నేను జేసిందేంది? మూడు గంటలు ఏడ్సిన. ఎవరు ఏడువరు?" దీపాన్ని పేపరు మీద బోర్లించింది. "అందుకే ముట్టియ్యలే. దేనికిచ్చిన్రో నాకే తెల్వకపాయె."

మృదుల కళ్ళు మూసుకుని ఆలోచించబోయింది. ఆలోచన ఎక్కడా నిలవలేదు. రేపు పదింటికి కోమలాంబ అంటే, అమ్మమ్మ నవ్వుకు ఇంకొకరి పేరు రాసినట్టు. వెంకటరత్నమ్మ అంటే, బాగా చేసిన పని వదిలేసి, ఓ మాదిరిగా చేసిన పనికి దండ వేసినట్టు. ఉన్నదున్నట్టు చెబుతానంటే ఎవరు నమ్ముతారు? అవతలి ఆవిడ గొప్ప సీను కూడా మా అమ్మమ్మే చేసిందండీ, అని చెబుతున్నది ఎవరు? మనవరాలు. విశ్వనాథ్ ఎలా నవ్వుతాడో ఆమెకు ఇప్పుడే కనిపించింది. ముఖం కనబడని సీను. ఒట్టు పెట్టించుకున్న డైరెక్టరు ఏనాడో పోయాడు. తాత పోయాడు. కోమలాంబ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె కోసం సమాజంవాళ్ళు నెల రోజులుగా వెతుకుతూనే ఉన్నారు.

ఫోను మోగింది. గోపాలరావు గారు.

"అమ్మా, ఒక శుభవార్తండీ!" ఆయన ఎంత సంబరంగా అరిచారంటే, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. గదిలో ఇద్దరికీ ఆయన మాట వినిపిస్తూనే ఉంది. "కోమలాంబగారు దొరికారు! ఎక్కడో కాదు, చాదర్‌ఘాట్‌లోనే, వాళ్ళమ్మాయి సుష్మగారింట్లో. ఎనభై ఎనిమిదేళ్ళట, మనిషి నిక్షేపంగా ఉన్నారట. సభకి తప్పకుండా వస్తామన్నారు. ఇంకో మాట విన్నారా? ఆ చెంబు తోమే సీను గురించి విశ్వనాథ్ గారు అడిగితే, ఆ నవ్వు ఎలా నవ్వారో వేదిక మీద నిలబడి మళ్ళీ నవ్వి చూపిస్తానన్నారటండీ!"

నాది కాని దానికి నాకు పేరొద్దని ఏడ్చిన మనిషి, అదే నవ్వును వేదిక మీద నవ్వి చూపిస్తానంటోందా? అయితే ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. మృదుల మెల్లగా అమ్మమ్మ వైపు తిరిగింది. ఇప్పుడే చెవులారా విన్న నవ్వును కూడా అనుమానించాల్సి వస్తుందా అని భయపడింది.

అమ్మమ్మ దీపాన్ని మళ్ళీ నిలబెట్టి, కొంగుతో దాని అంచు తుడిచింది. మొహంలో కోపం లేదు. ఏదో ఆశ లాంటిది ఉంది.

"రమ్మను" అంది. "అరవై ఏండ్లాయె. ఆమె నవ్వంగ నేను గూడ ఒక్కసారి సూస్త."